వినేవాళ్ల వంతు

"ఉద్యమాల్లో తిరిగేవాళ్లకి ఈ ఇంగ్లీషు పాటలేంటి మేడమ్?" అని మా కౌన్సెలింగ్ కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి ఈమధ్య నన్ను అడిగింది. సాయంత్రం చివరి కేసు వాళ్లు వెళ్లిపోయాక, రిజిస్టరు రాసుకుంటూ ఫోనులో ఏదో ఒక పాట పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ అమ్మాయి ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు కొందరు మిత్రులు "సామ్రాజ్యవాద సంస్కృతి" అని విసుక్కునేవాళ్లు. ఆ తర్వాత ఇంకొందరు "మన సంస్కృతి కాదు" అనడం మొదలుపెట్టారు. ఈ రెండు శిబిరాలకూ ఒకరంటే ఒకరికి పడదు గాని, ఆడదాని టేప్‌రికార్డరు మీద కాపలా కాయడంలో మాత్రం ఏ తేడా లేదు.

నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాను. గిటారు తీగలు ఎన్నో కూడా లెక్కపెట్టి చెప్పాలి. ఉత్త శ్రోతని. పాప్, రాక్ పాడేవాళ్లలో నాకు బాగా ఇష్టమైనవాళ్లున్నారు, అసలు పడనివాళ్లున్నారు, ఇష్టపడి తర్వాత మనసు విరిగినవాళ్లూ ఉన్నారు. ఆ అభిప్రాయాలే ఇక్కడ రాస్తున్నాను. హక్కుల పత్రికలో ఇవెందుకు అని మీకు అనిపించవచ్చు. పాట వినడానికీ, బాధలో ఉన్న మనిషి మాట వినడానికీ మధ్య ఒక సంబంధం ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అది అర్థం కావడానికి ముందు నేనొక తప్పు చేశాను. ముందు అది చెప్పాలి.

1986లో నేను యూనివర్సిటీలో చదువుకుంటూ నల్లకుంటలో ఒక చిన్న పోర్షన్‌లో మరో అమ్మాయితో కలిసి ఉండేదాన్ని. పక్క పోర్షన్‌లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మధ్యలో ఒంటి ఇటుక గోడ. ఆమెని నేను అక్కా అని పిలిచేదాన్ని. భర్త ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రాత్రుల్లో ఆ గోడ అవతల నుంచి మాటలు వినపడేవి, తర్వాత దెబ్బలు వినపడేవి, ఆ తర్వాత నోరు నొక్కుకున్న ఏడుపు వినపడేది. అప్పటికి నేను వరకట్న చావులకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో నినాదాలు ఇచ్చినదాన్నే. 498-ఎ సెక్షను 1983లో వచ్చిందని తెలిసినదాన్నే. అయినా ఆ తలుపు మాత్రం తట్టలేకపోయాను. మొగుడూ పెళ్లాల మధ్యకి మనం వెళ్తే ఆమెకే ఇబ్బంది అనుకున్నాను. ఇల్లుగలాయన మమ్మల్ని ఖాళీ చేయమంటాడేమో అని కూడా అనుకున్నాను.

ఒక రాత్రి ఆ శబ్దం భరించలేక టేప్‌రికార్డరు సౌండు పెంచేశాను. ఏ పాటో ఇప్పటికీ గుర్తుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. జాన్ లెనన్ పాడిన 'ఇమాజిన్'. ప్రపంచమంతా శాంతిగా బతకాలని కోరుకునే పాట.

మర్నాడు నీళ్ల దగ్గర ఆ అక్క కనిపించింది. పైట చెంగు చెంప మీదికి లాక్కుని ఉంది. "నిన్న పాట పెద్దగా పెట్టావు గదమ్మా, మంచిపనే చేశావు. మేడమీది వాళ్లకి మా గొడవ వినపడలేదు" అంది. నాకు కృతజ్ఞత చెప్పింది! ఆ తర్వాత కొన్ని నెలలకి చేతికి కట్టుతో, పిల్లల్ని తీసుకుని అన్నగారితో ఊరెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమె ఏమైందో నాకు తెలీదు.

ట్రేసీ చాప్‌మన్ మొదటి క్యాసెట్ నా చేతికి వచ్చింది 1989లో. ఢిల్లీ నుంచి వచ్చిన స్నేహితురాలు ఇచ్చింది. 1988లో విశ్వమానవ హక్కుల ప్రకటనకి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ప్రపంచమంతా తిరిగి ఇరవై కచేరీలు పెట్టింది. అందులో ఒకటి సెప్టెంబరు 30న ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో జరిగింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియల్, సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్ లాంటి పేరున్న మగవాళ్ల మధ్య గిటారు పట్టుకుని నిలబడిన ఇరవై నాలుగేళ్ల నల్లజాతి అమ్మాయి ట్రేసీ చాప్‌మన్. ఆ కచేరీకి నేను వెళ్లలేదు. నా స్నేహితురాలు వెళ్లింది.

ఆ క్యాసెట్‌లో 'బిహైండ్ ద వాల్' అనే పాట ఉంది. దానికి వాయిద్యాలు లేవు. గిటారు కూడా లేదు. ఒట్టి గొంతు. గోడ అవతల ఒక స్త్రీ అరుపులు విని నిద్రపట్టని పొరుగింటి మనిషి చెప్పే పాట అది. పోలీసుల్ని పిలిచినా లాభం ఉండదని, వాళ్లు వస్తే ఆలస్యంగా వస్తారని, వచ్చినా ఇంటి వ్యవహారాల్లో మేం కలగజేసుకోం అంటారని ఆ పాట చెబుతుంది. చివరికి అంబులెన్సు వస్తుంది. కొట్టినవాడి గురించిగానీ, దెబ్బలు తిన్న ఆమె మనసు గురించిగానీ ఆ పాట వర్ణనలు చేయదు. విన్న మనిషి దగ్గరే ఉండిపోతుంది. పాట మధ్యలో నిశ్శబ్దాలు ఉంటాయి. ఆ నిశ్శబ్దాల్లో నాకు నల్లకుంట గోడ వినపడింది. ఏ వాయిద్యం చాటునా ఆమె దాక్కోలేదు. నేను మాత్రం పాట చాటున దాక్కున్నాను.

దానికి ఒక ఏడాది ముందు, 1987లో, సుజాన్ వేగా 'ల్యూకా' అనే పాట పాడింది. అది కూడా పొరుగు పాటే. పై అంతస్తులో ఉండే ఒక పిల్లవాడు, తన ఇంట్లో ఏ శబ్దం వినపడినా ఏమీ అడగొద్దని పొరుగువాళ్లకి చెప్తాడు. బాణీ హుషారుగా ఉంటుంది. ఆ హుషారు చూసి చాలామంది విషయం పట్టించుకోకుండానే తలాడిస్తూ వినేశారు. మొదట్లో నేనూ అంతే. ఇది కవయిత్రి లోపం అని కొందరంటారు. నేను అనుకోను. ఇళ్లల్లో దెబ్బలు తినే పిల్లలు బయట ఇలాగే కదా ఉంటారు, నవ్వుతూ, ఏం లేదు ఆంటీ పడిపోయాను అంటూ. ఆ బాణీ వాళ్ల ముఖంలాగే ఉంది.

ఇక నాకు పడని పాట గురించి. ద పోలీస్ అనే బ్రిటిష్ బృందం 1983లో చేసిన 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్'. ప్రపంచంలో ఎన్నో పెళ్లిళ్లలో ఇది ప్రేమ పాటగా మోగింది. ఇప్పుడు మన పెళ్లిళ్లలో కూడా సంగీత్ పేరుతో మోగుతోంది. ఒక మగవాడు తనని వదిలిపోయిన స్త్రీ ప్రతి అడుగునూ, ప్రతి ఊపిరినీ కనిపెట్టుకుని ఉంటానని చెప్పే పాట. రాసిన స్టింగ్ స్వయంగా ఇది ప్రేమ పాట కాదని, ఇందులో నిఘా, అసూయ, సొంతం చేసుకోవాలనే దుర్బుద్ధి ఉన్నాయని ఎన్నోసార్లు చెప్పాడు. అయినా జనం నమ్మలేదు. రాసినవాడు చెప్పినా నమ్మనంతగా మనకి వెంటపడటం ప్రేమగా కనిపిస్తోందంటే తప్పు ఒక్క పాటలోనే లేదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగినప్పుడు కూడా 'ప్రేమ' అనే మాట ఎంత సులువుగా వాడారో మనందరికీ గుర్తుంది. వెంటపడటం నేరమని మన చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది. స్టింగ్ మీద నాకు కోపం లేదు. ఢిల్లీ కచేరీలో హక్కుల కోసం పాడినవాళ్లలో అతనూ ఉన్నాడు. కానీ ఆ పాట మోగే పెళ్లి పందిట్లో నేను కూర్చోలేను. లేచి బయటికి వచ్చేస్తాను. మా బంధువులకి ఇది తెలుసు.

జాన్ లెనన్ దగ్గరికి వస్తాను. ఈయన విషయంలోనే నా మనసు ఎక్కువ నలిగింది. 1965లో బీటిల్స్ తరఫున అతను రాసి పాడిన 'రన్ ఫర్ యువర్ లైఫ్' పాటలో, ఇంకొకడితో కనిపిస్తే చంపేస్తానని ప్రియురాలిని బెదిరిస్తాడు. తర్వాత ఆ పాట రాసినందుకు చింతించాడు. 1980లో, చనిపోయే కొద్ది నెలల ముందు ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో తను ఒకప్పుడు ఆడవాళ్లని కొట్టేవాడినని తనే ఒప్పుకున్నాడు. 'ఇమాజిన్' పాటలో తన భార్య యోకో ఓనో ఆలోచనలు ఉన్నాయని, ఆమె పుస్తకం నుంచి తీసుకున్నానని, ఆమె పేరు వేయాల్సింది గాని అప్పట్లో తన మగతనం అడ్డొచ్చిందని కూడా ఆ ఏడాదే చెప్పాడు. 1971లో వచ్చిన పాటకి యోకో పేరు కూడా చేరుస్తామని అమెరికా సంగీత ప్రచురణకర్తల సంఘం ప్రకటించింది 2017లో! నలభై ఆరేళ్లు. ఈలోపు ప్రపంచం ఆమెకి ఇచ్చిన పేరు ఏమిటి? బీటిల్స్‌ని విడగొట్టిన జపాన్ మంత్రగత్తె. అన్నదమ్ములు విడిపోతే ఇంటికొచ్చిన కోడలిని అనే మన అలవాటు లండన్‌లో కూడా ఉందన్నమాట.

మరి లెనన్ పాటలు వినడం మానేశానా? మానలేదు. అబద్ధం చెప్పను. తప్పు చేశానని ఎవరూ అడగకముందే చెప్పుకున్న మగవాళ్లు నా ముప్ఫయ్యేళ్ల కౌన్సెలింగ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా తగల్లేదు. అందుకు నాకు అతనంటే గౌరవం. కానీ ఒక పని మానేశాను. 'ఇంత మంచి పాట రాసినవాడు చెడ్డవాడు ఎలా అవుతాడు' అనుకోవడం మానేశాను. మా కేంద్రానికి వచ్చే ప్రతి అత్తగారూ తెచ్చే సర్టిఫికెట్ ఇదే కదా. 'మావాడు ఆఫీసులో అందరికీ సాయం చేస్తాడండీ, గుళ్లో అన్నదానం చేయిస్తాడండీ, చీమకి కూడా హాని చేయడండీ.' అవన్నీ నిజమే కావచ్చు. బయట మంచితనం ఇంట్లో దెబ్బకి జవాబు కాదు. పాట గొప్పతనం పాటకి చెందుతుంది, మనిషి ప్రవర్తనకి సాక్ష్యంగా పనికిరాదు. ఈ చిన్న విషయం ఒక రాక్ గాయకుడి ద్వారా నాకు ఒంటబట్టింది.

టీనా టర్నర్ గురించి రాయకుండా ఉండలేను. ఆమె అసలు పేరు అన్నా మే బుల్లక్. టీనా అనే పేరు పెట్టింది ఆమె భర్త, బృంద నాయకుడు ఐక్ టర్నర్. ఏళ్ల తరబడి కొట్టాడు. 1976 జులైలో డాలస్ నగరంలో కచేరీకి ముందు, రక్తం కారుతున్న ముఖంతో హోటల్ నుంచి పారిపోయింది. చేతిలో 36 సెంట్లు, ఒక పెట్రోలు కార్డు ఉన్నాయి. 1978లో విడాకులు వచ్చినప్పుడు ఆస్తి కోసం పట్టుబట్టలేదు, టీనా టర్నర్ అనే పేరు వాడుకునే హక్కు తనకి కావాలని మాత్రం పట్టుబట్టింది. మనలో చాలామందికి ఇది వింతగా అనిపించవచ్చు. మనోవర్తి, స్త్రీధనం, ఇంట్లో భాగం అడగమని మనం చెప్తాం గదా. కానీ ఆమె తన పనిముట్టుని అడిగింది. ఆ పేరుతోనే టికెట్లు అమ్ముడుపోతాయి, ఆ పేరుతోనే అన్నం దొరుకుతుంది. కుట్టుమిషను నాదే అని పట్టుబట్టి తెచ్చుకున్న ఒకామె మా కేంద్రంలో నాకు గుర్తుకొస్తుంది. 1984లో, నలభై నాలుగేళ్ల వయసులో, పాప్ ప్రపంచం ముసలిది అని పక్కన పెట్టే వయసులో, 'ప్రైవేట్ డాన్సర్' ఆల్బంతో టీనా మళ్లీ లేచి నిలబడింది. 2023 మేలో, ఎనభై మూడేళ్లకి వెళ్లిపోయింది.

ఆమె గొంతు నాకు ఇష్టం. గరుకుగా, గొంతులో ఇసుక పోసినట్టు ఉంటుంది. అయితే ఆమె కథని మనం వాడుకునే తీరు నాకు ఇష్టం లేదు. 2021లో ఆమె మీద వచ్చిన డాక్యుమెంటరీ చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఎన్ని విజయాలు సాధించినా, ఏ ఇంటర్వ్యూలో కూర్చున్నా, విలేఖరులు మళ్లీ ఆ దెబ్బల దగ్గరికే తీసుకుపోయేవాళ్లు. అది తలుచుకున్న ప్రతిసారీ ఆమె బాధపడేది. మనం చేస్తున్నది కూడా అదే కాదా? నిధులిచ్చే సంస్థ వాళ్లు వస్తే 'మీ కథ మేడమ్‌గారికి చెప్పమ్మా' అని ఒకే స్త్రీ చేత ఎన్నిసార్లు చెప్పించాం? నివేదికల్లో 'కేస్ స్టడీ' అని పెట్టి, పేరు మార్చి, ఫొటోలో ముఖం చెరిపి, ఎన్ని పుటలు నింపాం? వినకపోవడం ఒక తప్పయితే, వినడం ఆపకపోవడం ఇంకొక తప్పు. ఆమె ఇక చాలు అన్నప్పుడు ఆపడం కూడా వినడంలో భాగమే.

ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ విషయంలో శ్రోతలుగా మనం పూర్తిగా ఓడిపోయామని నా అభిప్రాయం. 1992 అక్టోబరు 3న అమెరికా టీవీ కార్యక్రమంలో బాబ్ మార్లీ 'వార్' పాటని పిల్లల మీద జరిగే అత్యాచారాల గురించి మార్చి పాడి, చివరిలో పోప్ ఫొటోని చింపింది. చిన్నప్పుడు తల్లి చేతిలో హింస అనుభవించిన మనిషి ఆమె. ఆ ఫొటో ఆ తల్లి గదిలో గోడకి ఉన్నదే. చర్చి సంస్థల్లో పిల్లల మీద జరుగుతున్న దుర్మార్గాన్ని దాస్తున్నారని ఆమె ఆరోపణ. రెండు వారాల తర్వాత న్యూయార్క్‌లో బాబ్ డిలాన్ గౌరవార్థం జరిగిన కచేరీలో ఆమె వేదిక ఎక్కితే జనం అరిచి గోల చేశారు. అక్కడ కూర్చున్నవాళ్లు మామూలు జనం కాదు. నిరసన పాటలు వింటూ పెరిగినవాళ్లు. డిలాన్ పాటలకి చప్పట్లు కొట్టిన చేతులు! ఆమె అనుకున్న పాట ఆపేసి, మళ్లీ ఆ 'వార్' పాటే గట్టిగా చదివినట్టుగా పాడి దిగిపోయింది.

2009 మేలో ఐర్లండ్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక బయటికి వచ్చింది. చర్చి నడిపిన పిల్లల సంస్థల్లో దశాబ్దాల పాటు హింస, లైంగిక అత్యాచారాలు జరిగాయని తేల్చింది. ఆమె చెప్పి అప్పటికి పదిహేడేళ్లు. ఈలోపు ఆమెకి వచ్చిన బిరుదు 'పిచ్చిది'. 2023 జులైలో ఆమె చనిపోయాక అందరూ ధైర్యవంతురాలు అని రాశారు. చనిపోయిన స్త్రీని నమ్మడం చాలా తేలిక. ఆమె మళ్లీ మాట్లాడదు గదా.

ఈ 'పిచ్చిది' అనే మాటకి చట్టం తోడైతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే బ్రిట్నీ స్పియర్స్‌ని చూడాలి. నిజం చెప్పాలంటే నాకు ఆమె పాటలు నచ్చవు. మా అమ్మాయి వినేటప్పుడు గది తలుపు వేయించేదాన్ని. స్త్రీ శరీరాన్ని సరుకు చేసే పాటలని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇప్పుడు ఆ ఉపన్యాసంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. 2008లో ఆమె మానసిక ఆరోగ్యం బాగాలేదని కోర్టు ఆమె డబ్బునీ జీవితాన్నీ తండ్రి ఆధీనంలో పెట్టింది. అది పదమూడేళ్లు సాగింది. ఆ కాలంలోనే ఆమె 2013 నుంచి 2017 దాకా లాస్ వేగాస్‌లో వరసగా ప్రదర్శనలు ఇచ్చింది. రాత్రికి వేలమంది ముందు ఆడిపాడి డబ్బు సంపాదించడానికి తెలివి ఉంది, ఆ డబ్బు ఖర్చు పెట్టుకోవడానికి మాత్రం తెలివి లేదు! 2021 జూన్‌లో కోర్టుకి ఆమె స్వయంగా చెప్పుకున్న మాటల్లో ఒకటి నన్ను కుదిపేసింది. తనకి ఇంకో బిడ్డ కావాలని ఉన్నా, గర్భం రాకుండా పెట్టిన సాధనాన్ని తీయించుకోనివ్వడం లేదని చెప్పింది. ఆ నవంబరులో కోర్టు ఆ సంరక్షణని రద్దు చేసింది.

పిల్లలు ఎప్పుడు కనాలో, కనొద్దో స్త్రీ నిర్ణయం అని మనం ఎన్ని సదస్సుల్లో చెప్పలేదు? మరి ఆ హక్కు బికినీ వేసుకుని ఆడే అమ్మాయికి కూడా ఉందని మనకి ఎందుకు తట్టలేదు? మన దగ్గర హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం లేకపోవడం విడాకులకి ఒక కారణం. ఒక డాక్టరు చీటీ, రెండు నిద్రమాత్రల పట్టీలు చూపించి భార్యని పుట్టింట్లో దింపేసిన కేసులు మనందరం చూశాం. ఆమె పేర పొలం ఉంటే అన్నదమ్ములు కూడా ఆ చీటీనే వాడతారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, జబ్బు ఉన్నంతమాత్రాన తన చికిత్స గురించి నిర్ణయించుకునే శక్తి లేదని అనుకోకూడదని చెబుతోంది. ఆ సంగతి మన కార్యకర్తల్లో ఎంతమంది కేసుల్లో వాడుతున్నాం? బాధితురాలు మనకి నచ్చేలా ఉంటేనే ఆమె మాట వింటాం అనే జబ్బు మనలో కూడా ఉంది. నాలో ఉంది.

లెనన్‌ని వింటూ ఆర్. కెల్లీని ఎందుకు వినవు అని మా అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. కెల్లీ పేరున్న అమెరికన్ గాయకుడు. చిన్నవయసు ఆడపిల్లల మీద, ఎక్కువగా నల్లజాతి పిల్లల మీద, అత్యాచారాలు చేస్తున్నాడని ఏళ్ల తరబడి మాటలు వచ్చాయి. 2008లో ఒక కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. పాటలు అమ్ముడవుతూనే ఉన్నాయి. 2017లో అట్లాంటాలో ఇద్దరు నల్లజాతి స్త్రీలు అతని పాటలు ఆపండి అని ఉద్యమం మొదలుపెట్టారు. 2019లో బాధితులు డాక్యుమెంటరీలో మాట్లాడారు. 2021లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో నేరం రుజువై, 2022లో ముప్ఫయ్యేళ్ల శిక్ష పడింది. అతని పాట కొన్న ప్రతి పైసా ఆ పిల్లల్ని నోరెత్తకుండా ఉంచిన బలానికి చేరింది. నా తేడా అక్కడ. పాట పాతదైపోయిందా, మనిషి తప్పు ఒప్పుకున్నాడా, నా డబ్బు ఇంకా హింసకి కాపలా కాస్తోందా అని చూసుకుంటాను. ఇది అందరూ పాటించాల్సిన సూత్రం అనను. నా మటుకు నాకు ఇది కొలత.

ఇది అమెరికా సంగతి అని తోసేయకండి. 2018లో గాయని చిన్మయి తన అనుభవం బయటికి చెప్పినప్పుడు, ఆమె మీద తమిళ డబ్బింగ్ కళాకారుల సంఘం వేటు వేసింది. చందా కట్టలేదని కారణం చూపింది. తెలుగు సినిమాల్లో ఆమె గొంతుని ఇష్టపడి విన్న మనం, ఆ గొంతు తన గురించి మాట్లాడినప్పుడు ఎంతమందిమి విన్నాం?

ఆ సాయంత్రం మా కేంద్రంలో నా ఫోనులో మోగుతున్న పాట 'ఫాస్ట్ కార్'. ట్రేసీ చాప్‌మన్‌దే. తాగుబోతు తండ్రినీ, సరుకుల కొట్లో ఉద్యోగాన్నీ, ఎప్పటికీ మారని మగవాడినీ భరించే ఒక పేద అమ్మాయి కథ. 2023లో ల్యూక్ కోంబ్స్ అనే తెల్లజాతి గాయకుడు దాన్ని మళ్లీ పాడాడు. అమ్మాయి గొంతులో ఉన్న మాటల్ని మగవాడి గొంతుకి తగ్గట్టు మార్చుకోలేదు, ఉన్నవి ఉన్నట్టే పాడాడు. నాకు అది నచ్చింది. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ సంఘం ఉత్తమ గీతం బహుమతి పాట రాసిన చాప్‌మన్‌కి వచ్చింది. అంతకుముందు ఏ నల్లజాతి రచయితకీ అది రాలేదు. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. నెరిసిన జుట్టుతో ఆమె నవ్వుతూ నిలబడటం చూసి నాకు కన్నీళ్లొచ్చాయి. ఇంకొకరి పాటని ఎత్తుకుపోవడం వేరు, విని మళ్లీ చెప్పడం వేరు.

మా అమ్మాయిలకి ఇప్పుడు ఈ పాటలు కూడా వినిపిస్తున్నాను. శిక్షణలో 'బిహైండ్ ద వాల్' వినిపించి, అర్థం చెప్పి, మీ గోడ అవతల ఎప్పుడైనా విన్నారా అని అడుగుతాను. మొదట ఎవరూ మాట్లాడరు. ఒకరు మొదలుపెడితే ఇక ఆగదు. ప్రతి ఒక్కరికీ ఒక గోడ ఉంది. అప్పుడు చట్టం చెప్తాను. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అందులో నాలుగో సెక్షను ప్రకారం హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. భార్యే ఫిర్యాదు చేయాలని లేదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదు. పొరుగువాళ్లకి చట్టం ఇచ్చిన ఈ చోటు గురించి మనం చేసిన ప్రచారం చాలా తక్కువ. 2008లో బ్రేక్‌త్రూ సంస్థ 'బెల్ బజావో' పేరుతో, వినపడితే వెళ్లి కాలింగ్ బెల్ కొట్టండి అని చెప్పింది. చక్కెర కావాలనో, కరెంటు ఉందా అనో అడగండి, చాలు. దెబ్బ ఒక్క నిమిషం ఆగుతుంది, ఎవరో విన్నారని ఆ మగవాడికి తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆమెకి కూడా తెలుస్తుంది.

మర్నాడు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. 181 నంబరు చెప్పాలి. ఏం చేయాలో నిర్ణయం ఆమెకే వదలాలి. అంతే. ఇది పెద్ద విప్లవం కాదు. కానీ 1986లో నాకు ఇంత కూడా తెలీదు, తెలిసినంత కూడా చేయలేదు.

నల్లకుంట ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ అపార్టుమెంటు కట్టారు. గోడలు మందంగా ఉన్నాయేమో తెలీదు. 'ఇమాజిన్' పాట ఇప్పటికీ వింటాను, కానీ సౌండు తక్కువగా పెట్టుకుని. పక్కింట్లో ఏదైనా శబ్దం వస్తే ముందు పాట ఆపుతాను. మిత్రులారా, మీకు నచ్చిన పాటలు మీరు వినండి, ఎవరి కాపలా అక్కర్లేదు. మీ గోడ అవతల ఏం వినపడిందో, అప్పుడు మీరేం చేశారో మాత్రం ఈ పత్రికకి రాయండి. ఏమీ చేయలేకపోతే అది కూడా రాయండి. నేను మొదలుపెట్టాను.